పిట్టల షేడ్ కార్డు

రంగుల మేస్త్రి రెండు విషయాల్లో ఎవరి మాటా వినడు. ఒకటి టీలో పంచదార, రెండోది రంగు. పంచదార సంగతిలో కనీసం డాక్టరు ముందు బుద్ధిగా తల ఊపి వస్తాడు. రంగు సంగతిలో అదీ లేదు. నలభై ఏళ్ళు రంగుల కొట్టులో కౌంటరు వెనక నిలబడ్డ మనిషి. ఎవరో పాత కుర్చీ కాలు పట్టుకొచ్చేవారు, ఇంకెవరో గోడ పెచ్చు కాగితంలో చుట్టుకొచ్చేవారు. ఒకావిడ ఏకంగా కోటు బొత్తాం తెంపుకొచ్చి, అచ్చం ఇదే రంగు తలుపుకి కావాలంది. మేస్త్రి దాన్ని గుమ్మం దగ్గరి వెలుతురులో ఇటొకసారి అటొకసారి తిప్పి చూశాడు. తెల్లరంగు డబ్బా మూత తీసి, చిన్న సీసాల్లోంచి ఇది నాలుగు చుక్కలు, అది చుక్కన్నర వేసి, కర్రతో కలిపి, మూత మీద వేలితో రాసి చూపించాడు. బొత్తాం ఆ మరక మీద పెడితే ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. చుక్కన్నర ఎలా వేస్తారని ఎవరైనా అడిగితే, "అర చుక్క వేయడం చేతనైతే చుక్కన్నర ఎంతసేపు," అనేవాడు గీరగా.

అలాంటి మనిషిని నాలుగేళ్ళ కిందట కొట్టు యజమాని ఎదురుగా కూర్చోబెట్టుకుని, టీ తెప్పించి, "మేస్త్రిగారూ, ఇంక మీరు విశ్రాంతి తీసుకోండి," అన్నాడు. కారణం ఒక గోడ. ఏదో ఆఫీసు హాలుకి తెల్లరంగు రెండు విడతలుగా వెళ్ళింది, రెండూ మేస్త్రి కలిపినవే. తీరా వేశాక గోడ సగం పాలలాగా, సగం వెన్నలాగా తేలింది. మేస్త్రి వెళ్ళి చూసి రెండూ ఒకటేనన్నాడు. అక్కడున్న పదిమందీ కాదన్నారు. ఆయన ఒంటికాలి మీద లేచాడు. రంగు వేసినవాడు బ్రష్షులు సరిగా కడగలేదన్నాడు, డబ్బాలు పాతవన్నాడు, చివరికి హాల్లో దీపాలే మంచివి కావన్నాడు. మరుసటి వారం కొట్టులోకి రంగులు కలిపే మిషన్ వచ్చింది.

కొట్టు మాన్పించిన రోజు మేస్త్రి భోజనం ముట్టలేదు. ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు, యజమానికి ఫోన్ చేసి పావుగంట దులిపేసింది. "మా ఆయన రెండూ ఒకటే అన్నారంటే ఒకటే బాబూ. ఆ పదిమందినీ కళ్ళ డాక్టరు దగ్గరికి పంపించు," అని పెట్టేసింది. ఫోన్లో ఆవిడతో గెలిచినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ముప్ఫై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసింది. అందరూ ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. ఎవరు హలో అన్నా ముందు గొంతు గుర్తుపట్టేది, ఆ తర్వాత ఆ గొంతుకి పట్టిన జలుబు గుర్తుపట్టేది.

చెవులు అంత చురుకైన మనిషికి కళ్ళు అన్యాయం చేశాయి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ అంటే భయపడి వాయిదాల మీద వాయిదాలు వేసుకుంటూ వచ్చింది. మనుషుల ముఖాలు ఆవిరి పట్టిన అద్దం వెనక ఉన్నట్టు కనబడేవి. రంగులన్నీ బాగా వెలిసిపోయాయి. "ఫరవాలేదులే, మీ కళ్ళున్నాయిగా," అనేది మొగుడితో. ఆయన మీసం మెలేసేవాడు.

కొట్టు మానేశాక మేస్త్రికి పొద్దు గడవడం బ్రహ్మాండమైన సమస్య అయింది. రంగులు చూడకుండా ఉండలేడు, ఇంట్లో ఉన్న గోడలన్నిటికీ రంగులు వేసేశాడు. అప్పుడు పెరట్లో ఒక గుంజ పాతి, పెద్ద రంగుడబ్బా మూత దాని మీద మేకులతో కొట్టి, పైన చిన్న చూరు కట్టి, పొద్దుతిరుగుడు గింజలూ కొర్రలూ పోశాడు. వంటింటి కిటికీలోంచి మూడు బారల దూరం. మొదటి వారం ఒక్క పిట్ట కూడా రాలేదు. రెండో వారం ఒకటి వచ్చి, చుట్టూ అనుమానంగా చూసి, ఒక్క గింజ ముక్కున కరుచుకుని పారిపోయింది. అది వెళ్ళి ఏం చెప్పిందో ఏమో, నెల తిరిగేసరికి పొద్దున్న ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఆ మూత మీద ఖాళీ లేదు.

అక్కడి నుంచి మొగుడూపెళ్ళాలకు ఒక పని కుదిరింది. ఇద్దరూ టీ గ్లాసులు పట్టుకుని కిటికీ దగ్గర చేరతారు. ఆపరేటరమ్మ చెవులు పిట్ట కంటే ముందు ఉంటాయి. "వస్తోంది," అంటుంది. పిట్ట వచ్చి వాలాక మేస్త్రి దాని రంగు చెబుతాడు. కొట్టులో రంగుల నమూనాలు అతికించిన షేడ్ కార్డు మీద ఉన్న నంబర్లన్నీ ఆయనకు నోటికి వచ్చు. పిట్టల పేర్లు ఆవిడవి, పిట్టల రంగులు ఆయనవి.

పేర్లంటే మామూలు పేర్లు కావు, అన్నీ ఎక్స్ఛేంజీలో అలవాటైన మాటలే. ఒకే స్వరం తెగకుండా కీ, కీ, కీ అంటూ ఉండేది ఎంగేజు. దూరంగా ఎక్కడో చెట్టు మీద నుంచే గొంతు చించుకుని పిలిచేది ట్రంకాలు. ఊపిరాడకుండా గబగబా ఏదేదో చెప్పేసి ఎగిరిపోయే చిట్టిది అర్జెంటు. జంటగా వచ్చి ఒకదాని చెవిలో ఒకటి మెల్లిగా పాడుకునేవి గుసగుసమ్మలు. వీటన్నిటినీ తలదన్నేది ఇంకొకటుంది. అది పాట ఎత్తుకుంటే ఇంట్లో గడియారం కూడా ఆగి విన్నట్టుండేది. మెల్లగా మొదలెట్టి, పైకి వెళ్ళి, అక్కడ వణికించి, ఇంకా పైకి వెళ్ళబోతూ ఠక్కున తెంపేసేది. అంతే, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. దానికి ఆవిడ రాంగ్ నంబరు అని పేరు పెట్టింది.

"ఎంగేజు పొట్ట కింద ఏం రంగండీ?"

"నలభై ఒకటో నంబరు పసుపు. అందులో అర చుక్క ఆకుపచ్చ. నెత్తి మీద నల్లటోపీ. దొరబాబులా ఉన్నాడు."

"ట్రంకాలు?"

"రొమ్మంతా ఇటుక ఎరుపు. పాత ఇటుక కాదు, ఇప్పుడే తడిపిన ఇటుక."

"మరి నా రాంగ్ నంబరు?"

"నలుపు."

"ఇంకేం లేదా?"

"ఏమీ లేదు. డబ్బాలోంచి తీసింది తీసినట్టు. కలపాల్సిన పనే లేదు దాంతో."

ఆపరేటరమ్మకు ఆ మాట వినగానే ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. "పాపం, అంత గొంతు ఇచ్చినవాడు ఒక్క చుక్క రంగు ఇవ్వలేకపోయాడా," అనేది. "అన్నీ ఒకరికే ఇస్తాడేమిటే. నాకు చూడు, రంగులిచ్చి గొంతు ఎగ్గొట్టాడు," అనేవాడు మేస్త్రి. ఆయన స్నానాల గదిలో పాడితే పక్కింటి వాళ్ళు కిటికీ మూసుకునేవారు కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు. రాంగ్ నంబరు వచ్చినప్పుడు ఆయన గ్లాసులో మిగిలిన టీ తాగేసేవాడు. చూడ్డానికి అందులో ఆయనకు ఏమీ కనబడేది కాదు.

చివరికి ఆపరేటరమ్మ చెల్లెలు రంగంలోకి దిగింది. పక్క వీధిలో లాండ్రీ నడుపుతుంది. మాట కూడా ఇస్త్రీ పెట్టినట్టు ముడత లేకుండా వస్తుంది. ఒక పొద్దున్న వచ్చి అక్కని బట్టలు మార్చుకోమని, ఆసుపత్రికి లాక్కుపోయి, కుడికంటికి ఆపరేషన్ చేయించి పట్టుకొచ్చింది. పది రోజులు నల్లద్దాలు తీయకూడదన్నాడు డాక్టరు. పదకొండో రోజు చూసి తీసేస్తాడు. ఎడమ కన్ను ఇంకో నెల పోయాక.

నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఆపరేటరమ్మ అంది: "ఏమండీ, అద్దాలు తీశాక మొట్టమొదట మన పిట్టల్ని చూస్తాను. మీరు చెప్పినవన్నీ చెప్పినట్టు ఉన్నాయో లేదో."

ఆవిడ ముచ్చటగానే అంది. కానీ మేస్త్రికి అది ముచ్చటగా వినబడలేదు. కొట్టులో నలభై ఏళ్ళ పేరు ఒక్క గోడతో పోయింది. ఆయన మాటే మాటగా చెల్లే చోటు ఇంక ఈ కిటికీ ఒక్కటే మిగిలింది. ఈవిడ కొత్త కంటితో చూసి, అవును, అన్నీ అలాగే ఉన్నాయి అంటే చాలు. ఆ గోడ గురించి కూడా ఇంక ఎవరేమనుకున్నా ఆయనకు లెక్కలేదు. అలా అనకపోతే ఏమవుతుందో ఆయన ఊహించుకోదలచుకోలేదు.

అందుకని ఒక పెద్ద ఆలోచన చేశాడు. పిట్టలకి షేడ్ కార్డు. తెల్లటి అట్ట తెచ్చి, గళ్ళు కొట్టి, ప్రతి గడి కింద గుండ్రటి అక్షరాలతో పేరు రాశాడు. పాత సీసాలన్నీ అటక మీంచి దింపాడు. పొద్దున్నే కిటికీ దగ్గర చేరి, పిట్టని చూడ్డం, వెళ్ళి కలపడం, మళ్ళీ వచ్చి చూడ్డం. పిట్టలు కుర్చీ కాళ్ళలాగా కదలకుండా ఉండవు కదా. ఎంగేజు పొట్ట రంగు తేల్చుకోవడానికే రెండు రోజులు పట్టింది. అది ఎప్పుడూ వీపే చూపించేది. గుసగుసమ్మల రెక్క మీద గడ్డిపరకంత బంగారు గీత ఉంటుంది. ఆ గీత కోసం మేస్త్రి ఒక వెంట్రుక బ్రష్షుని కత్తిరించి మూడు వెంట్రుకలు మిగుల్చుకున్నాడు. పనిలో పడి టీలో పంచదార వేసుకోవడం కూడా మరిచిపోయాడు. కొట్టు మానేశాక ఇంత సంతోషంగా ఆయన ఏ పనీ చేయలేదు.

అర్జెంటు నీలం ఒక పూటలో కుదిరింది. దాని చెంపల మీది తెలుపు కుదరడానికి ఒక్క గంట. రాంగ్ నంబరు గడిలో డబ్బాలోంచి నలుపు తీసి పూసేశాడు, అర నిమిషంలో అయిపోయింది.

తొమ్మిదో రోజు లాండ్రీ మరదలు వచ్చింది. అక్క నిద్రపోతోంది. మేస్త్రి కార్డు తెచ్చి గర్వంగా బల్ల మీద పెట్టాడు. ఆవిడ చాలాసేపు చూసింది.

"పసుపు బాగుంది బావగారూ. ఎరుపు కూడా. ఆ చిన్న గీత ఎలా గీశారో గానీ చెయ్యి మాత్రం చెయ్యే," అంది. తర్వాత గొంతు సవరించుకుంది. "ఇదేమిటి, అర్జెంటా? నీలం అన్నారు కదా. ఇది పాచి పట్టిన ఆకుపచ్చలా ఉందే?"

"లోపల వెలుతురు చాలదు. బయట పెట్టి చూడు."

ఆవిడ బయట పెట్టి చూసి వచ్చింది. "బయటా అలాగే ఉంది. మరి ఈ తెలుపు? ఈ తెలుపుతో చొక్కా మా షాపుకి వస్తే, మళ్ళీ ఉతకమని లోపలికి పంపేస్తాను."

"నీకు సబ్బులు తెలుసు, రంగులు తెలియవు."

"తెలియవు లెండి. కానీ మీరు కూడా ఒకసారి ఆ డాక్టరుకి చూపించుకోకూడదూ?"

"నా కళ్ళకేం? పేపర్లో చిన్నక్షరాలు అద్దాలు లేకుండా చదువుతాను. కావాలంటే తే, చదివి చూపిస్తా. మీ అక్క ఇన్నేళ్ళలో నేను చెప్పిన రంగు ఒక్కసారి కాదనలేదు."

"అక్కకి కనబడేది కాదుగా బావగారూ," అంది మరదలు. అన్నాక నాలుక్కరుచుకుంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మేస్త్రి ఆ మాట చెవిన వేసుకోనట్టే ఉన్నాడు. కానీ ఆ సాయంత్రం కూర్చుని తెలుపు మళ్ళీ మూడుసార్లు కలిపాడు. మూడుసార్లూ మొదటి తెలుపే వచ్చింది. మూడుసార్లు ఒకటే వచ్చిందంటే సరైనదే వచ్చిందని తనకు తనే చెప్పుకున్నాడు.

పదకొండో రోజు పొద్దున్న అక్కాచెల్లెళ్ళు ఆసుపత్రికి వెళ్ళి తొమ్మిది కాకుండానే తిరిగొచ్చారు. లాండ్రీ తెరిచే వేళైందని మరదలు గుమ్మంలోంచే వెళ్ళిపోయింది. ఆపరేటరమ్మ చేతిలో నల్లద్దాలు ఉన్నాయి, కళ్ళకి లేవు. వంటింట్లోకి వచ్చి అలాగే నిలబడిపోయింది. పొయ్యి చూసింది, గ్లాసులు చూసింది, తన అరచేతులు చూసుకుంది. తర్వాత మొగుణ్ణి చూసింది.

"మీ జుట్టు ఇంత తెల్లబడిందా? నాకొక్క మాట చెప్పలేదే."

"నువ్వు పిట్టల రంగే అడిగావు, నా రంగు ఎప్పుడు అడిగావు?" అన్నాడు మేస్త్రి. నవ్వు తెచ్చుకున్నాడు. కుర్చీ కిటికీ దగ్గరకి జరిపి, కార్డు ఆవిడ ఒళ్ళో పెట్టి, వెనక నిలబడ్డాడు.

ఎండ అప్పుడే గుంజ మీదకి వచ్చింది. ముందు ఎంగేజు వాలాడు. గింజ కాలి కింద నొక్కిపెట్టి ముక్కుతో టకటకా కొట్టాడు. పొట్ట కింది పసుపు ఎండలో భగ్గుమంది. "పసుపంటే ఇంత పసుపా," అంది ఆపరేటరమ్మ మెల్లగా. పిట్టని చూసింది, కార్డు చూసింది. "అచ్చం ఇదేనండీ. అర చుక్క ఆకుపచ్చ కూడా ఉంది, నాకు కనబడుతోంది." మేస్త్రికి ప్రాణం లేచి వచ్చింది. ట్రంకాలు వచ్చి ఇటుక రొమ్ము విరుచుకుని కూర్చుంది. అదీ సరిపోయింది. గుసగుసమ్మలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వచ్చాయి, రెక్కలు విప్పినప్పుడు బంగారు గీతలు తళుక్కుమన్నాయి. ఆవిడ కార్డు మీది సన్నటి గీతని వేలితో నిమిరింది. "ఎన్ని రోజులు కష్టపడ్డారండీ," అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళు తుడుచుకోకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి అలాగే ఉండనిచ్చింది.

అప్పుడు అర్జెంటు వచ్చింది. చూరు అంచు పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ, ఎవరో తరుముతున్నట్టు నాలుగు మాటలు చెప్పేసింది. ఆవిడ దాన్ని చూసింది. కార్డు చూసింది. మళ్ళీ దాన్ని చూసింది.

"బాగుందండీ," అంది.

ఆ మాట మేస్త్రికి తెలుసు. రంగు నచ్చని మనిషి, కలిపిన మనిషిని నొప్పించడం ఇష్టం లేక, డబ్బా చేతిలోకి తీసుకుంటూ అనే మాట అది. కొట్టులో చివరి ఏడాది ఆ మాట చాలామంది నోట విన్నాడు. "తేడా ఉంటే చెప్పు," అన్నాడు గట్టిగా.

"తేడా ఏం లేదు. కొత్త కన్ను కదా, ఇంకా కుదురుకున్నట్టు లేదు."

"అంతే అయ్యుంటుంది," అన్నాడు మేస్త్రి. పది రోజుల కిందట కోసిన కన్ను కంటే తన కన్నే నమ్మదగిందని ఒప్పుకున్నందుకు ఆయనకు భార్య మీద ప్రేమ పొంగుకొచ్చింది. అంత ప్రేమ పొంగాల్సిన అవసరం ఎందుకొచ్చిందని మాత్రం ఆలోచించలేదు.

అంతలో పాట మొదలైంది. గోడ అవతలి నుంచి సన్నగా, తర్వాత కొంచెం పైకి, అక్కడ వణుకు, ఇంకా పైకి, ఠక్కున ఆగిపోయింది. ఆపరేటరమ్మ కుర్చీలోంచి లేచింది. రాంగ్ నంబరు వచ్చి మూత అంచు మీద వాలి, ఎండకి వీపు పెట్టింది.

ఆవిడ ఎంగేజుని చూసి ముచ్చటపడింది, గుసగుసమ్మల్ని చూసి కంటతడి పెట్టింది గానీ, ఇది వేరు. కిటికీ చువ్వలు రెండు చేతులతో పట్టుకుని ముఖం వాటికి ఆనించింది. పిట్ట తల తిప్పింది, ఒళ్ళు దులుపుకుంది, ఒక రెక్క చాపి ముక్కుతో దువ్వుకుంది. తొందరేమీ లేనట్టు రెండో రెక్క కూడా చాపింది. ఆవిడ రెప్ప వేయలేదు.

"చెప్పానుగా, నలుపే," అన్నాడు మేస్త్రి వెనక నుంచి.

ఇందాక నీలం విషయంలో అంత తేలిగ్గా అబద్ధమాడిన మనిషికి ఈ పిట్ట ముందు అబద్ధం నోటికి రాలేదు. అరచేత్తో కుడికన్ను మూసుకుంది. కాసేపు చూసింది. చెయ్యి మార్చి ఎడమకన్ను మూసుకుంది. కార్డు ఎత్తి పిట్ట పక్కన కనబడేలా పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి అంతా చేసింది.

"ఏమిటా మూసుకోవడం?"

ఆవిడ వెనక్కి తిరిగింది. "ఏమండీ, మీరు కోప్పడకూడదు. ఎడమ కంటితో చూస్తే, మసగ్గా అయినా, మీ కార్డు అంతా సరిగ్గా ఉంది. అర్జెంటు సరిపోయింది, ఇదీ సరిపోయింది, నలుపే. కుడికంటితో చూస్తే రెండూ సరిపోవడం లేదు."

"కుడిది కొత్తది కదా."

"అవును. ఎడమది పాతది," అంది ఆపరేటరమ్మ. "శుక్లం ఉన్న కన్ను."

మేస్త్రికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. రంగు సరిపోయిందో లేదో చూడ్డమే జీవితమంతా చేసిన పని. ఆయన కార్డు శుక్లం ఉన్న కంటికి సరిపోయింది. అంటే శుక్లం ఉన్న కంటితోనే కలిపాడు. ఆ శుక్లం, అక్షరాలు మసకబారకుండా, నొప్పి లేకుండా, చెప్పాపెట్టకుండా రంగుల్ని మాత్రం ఒక్కొక్కటే తీసుకుపోతూ వచ్చింది. స్టూలు మీద కూలబడ్డాడు. ఆ హాలు గోడ కళ్ళ ముందుకి వచ్చింది, ఆ పదిమందీ వచ్చారు. బ్రష్షులు కడగలేదని తను నలుగురిలో నానా మాటలూ అన్న ఆ రంగు వేసేవాడు తల వంచుకుని నిలబడడం కూడా గుర్తొచ్చింది. సిగ్గుతో ఆయన ముఖం కిందికి వాలిపోయింది.

"నేను చెప్పకుండా ఉండాల్సింది," అంది ఆవిడ.

"చెప్పకపోతే నిన్ను క్షమించేవాణ్ణి కాదు," అన్నాడు మేస్త్రి. పిట్ట వైపు చెయ్యి చూపి, "నీకు అదెలా కనబడుతోంది?" అన్నాడు.

ఆవిడకు షేడ్ కార్డు నంబర్లు రావు. కిటికీలోంచి చూస్తూ తడుముకుంటూ చెప్పింది. "నీలం. కాదు, మెడ దగ్గర నీలం, వీపు మీదకి వచ్చేసరికి ఊదా. కదిలితే ఒకదాంట్లోకి ఒకటి జారిపోతున్నాయి. కొత్త సిరా సీసా ఎండలో పెట్టినట్టుంది. ఇన్నాళ్ళూ దీన్ని చూసి పాపం అనుకున్నానండీ. ఈ పెరట్లో దీనంత అందమైంది ఇంకోటి లేదు."

మేస్త్రి లేచాడు. పిట్టని తేరిపార చూశాడు. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూశాడు. నల్లటి పిట్ట కొర్రలు తింటోంది.

గబగబా వెళ్ళి సీసాలు తెచ్చి బల్ల మీద పరిచాడు. పేర్లు చదవడానికి ఇబ్బంది లేదు. ఖాళీ మూతలో నీలం పోసి, కర్ర చేతిలోకి తీసుకుని, "చెప్పు," అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన కలిపే రంగులో ఎవరినీ వేలు పెట్టనివ్వలేదు. ఆవిడ పక్కన నిలబడి పిట్ట వంకా మూత వంకా చూస్తూ చెప్పింది. ఎరుపు ఒక చుక్క వేయమంది. ఇంకొకటి. నలుపు ఒద్దు, ఒద్దు, కొంచెం, చాలు. ఆయన ఎక్కడా ఎందుకని అడగలేదు. ఆవిడ ఆగమన్నప్పుడు ఆగాడు, కలపమన్నప్పుడు కలిపాడు. చివరికి ఆవిడ "ఇదే. మెరుపు లేదు గానీ రంగు ఇదే," అంది.

నల్లటి గడి పక్కన ఆ రంగు పూశాడు. అట్ట పట్టుకుని పెరట్లోకి నడిచాడు. గుమ్మం చప్పుడికి చిన్న పిట్టలు లేచిపోయాయి, రాంగ్ నంబరు మాత్రం లేవలేదు. ఎండలో అట్టని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. దగ్గరగా పెట్టుకున్నాడు, చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు. రెండు గళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి. ఎక్కడ ఒకటి ఆగి ఇంకొకటి మొదలైందో ఆయనకు తెలియలేదు.

ఆపరేటరమ్మ వెనకే వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. పిట్ట ఇద్దరినీ ఒకసారి చూసి, గింజ మింగి, ఎగిరి గోడ మీద కూర్చుంది.

"నాలుగేళ్ళ నుంచి రోజూ మన పెరట్లోకే వస్తోంది," అన్నాడు మేస్త్రి. "నేను దాన్ని ఇంకా చూడనే లేదన్నమాట."

ఆవిడ ఏదో ఓదార్పు మాట చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. పిట్ట మీంచి చూపు తిప్పకుండానే, "ఆ డాక్టరు ఎన్నింటిదాకా ఉంటాడు?" అని అడిగాడు.